తిప్పకూడదు

కూలిన ఇంజను దొరికాక
మొట్టమొదట చేయాల్సింది, ఏమీ చేయకపోవడం.
విరిగిన ప్రొపెల్లరు ముక్కను వేలితో తిప్పి
ఇంకా ఆడుతోందా అని చూడకూడదు.
ఈ సంగతి ట్రెజైజ్ నాకు చెప్పేలోపే
నేను తిప్పేశాను.

కరకర.
పప్పులో రాయి పంటి కింద పడ్డట్టు.
ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.
బెండిగో పొలిమేరలో, పాత గనుల మట్టిగుట్టల వెనక,
ఎండుగడ్డిలో మోకాళ్ళ మీద నేను,
అరచేతిలో నలభై ఏళ్ళ ఇంజను, ఇంకా వెచ్చగా.
గొంతు నిండా ఎర్రమట్టి, మట్టిలో తెల్లరాతి నలుసులు.
ఒకప్పుడు ఈ రాయినే పిండికొట్టి
బంగారం తీసేవాళ్ళట.

తిట్టి ఉంటే బావుండేది.
"హై," అన్నాడు.
(హైమవతిని మొదటిరోజే అక్కడికి కోసేశాడు,
పిలుస్తున్నాడో పలకరిస్తున్నాడో ఇప్పటికీ తేలదు.)
"హై, నువ్వు తోక వెతుకు. నేను రెక్క చూస్తా."

ఆయన చేతులు వణుకుతాయి.
అందుకే ఆ రోజు రిమోటు నాకిచ్చాడు, అందుకే
ఇంజను కూడా నా సంచిలోకే వచ్చింది.
నేను పళ్ళ డాక్టర్ని. ఆయన కింది దవడకి పళ్ళు కట్టింది నేనే.
బిల్లు కట్టి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి,
విమానం ఎగరేస్తావా అని అడిగాడు.

మంగళవారం క్లినిక్ మూశాక
దీపం కిందికి లాగి, మాస్కు పెట్టుకుని,
మరలు విప్పి తల తీశాను.
లోపల ఆముదం.
ఏళ్ళ తరబడి కాలి, గోధుమరంగు గారగా పేరుకున్న ఆముదం.
గార గీకడం నాకు చేతనైన పనే.
చిన్నప్పుడు నెలకోసారి
ముక్కు మూసి నా గొంతులో పోసింది
ఇక్కడ వీళ్ళు ఇంజన్లకి పోస్తారని తెలిసినరోజు
నవ్వి నవ్వి కూలబడ్డాను.
అది తాగి ఇది ఆకాశంలోకి వెళ్తుంది,
నేను పెరట్లోకి పరిగెత్తేదాన్ని.

సూది వాల్వు దారిలో ఇసుక.
రూట్ కెనాల్ ఫైలు తిప్పి తిప్పి లాగాను.
బేరింగులు కదల్లేదు. క్రాంక్‌కేసుని వంటింటి ఓవెన్లో
నూటయాభై డిగ్రీల్లో పెడితే
మా ఆయన వాసన పట్టి వచ్చి, "ఏం కేకు?" అన్నాడు.
చెక్క మీద ఒక్క తట్టు.
పాలపళ్ళలా రాలాయి.
షాఫ్టుని అద్దం మీద దొర్లించాను. తిన్నగానే దొర్లింది.
నమ్మలేక మళ్ళీ. మళ్ళీ.
విరిగిన చెవిని లాంగ్ గల్లీలో వెల్డరు అతికించాడు,
"ట్రెజైజ్‌దే కదా," అని డబ్బు తీసుకోలేదు.
ఆ అతుకుని ఆకురాయితో రుద్దుతూ ఉంటే
అర్ధరాత్రి దాటింది.

అన్నీ కుదిరాయి, సిలిండరు గోడ మీది గీత తప్ప.
భూతద్దంలో చూశాను. వెంట్రుక మందం.
అది కూలినప్పటిది కాదు.
నాది. నా వేలు తిప్పిన అరక్షణానిది.
పంటికైతే సిమెంటుంది.
దీన్ని నునుపు చేస్తే వదులవుతుంది,
వదిలేస్తే ఊపిరి జారుతుంది.
వదిలేశాను.

ఆదివారం ఆయన షెడ్డులో
బల్లకి బిగించి, ప్లగ్గుకి కరెంటు తగిలించాం.
"ఇప్పుడు తిప్పొచ్చు," అన్నాడు.
నా వేలు కదల్లేదు.
"హై. ఇప్పుడు తిప్పాలి."

రెండోసారికి దగ్గింది. ఐదోసారికి
ప్రొపెల్లరు కంటికి కనబడకుండా పోయింది.
రేకుల షెడ్డంతా కేక, నీలంపొగ,
కుక్క కంచె దూకి పక్కింట్లోకి.
ట్రెజైజ్ చెవిమిషను తీసి జేబులో వేసుకుని
అరచెయ్యి బల్లకి ఆనించాడు.
బల్ల వణుకుతోందో చెయ్యి వణుకుతోందో
కాసేపు తెలియలేదు.
"ఎక్కడో కారుతోంది," అన్నాడు.
"ఊఁ," అన్నాను.
ఎక్కడని ఆయన అడగలేదు. ఆ కరకర ఆయనా విన్నాడు.

సోమవారం తొమ్మిదింటికి మొదటి పేషెంటు
నోరు తెరిచి, మళ్ళీ మూసి,
ఏదో కాలిన వాసన వస్తోందంది.
నా జుట్టు, అన్నాను. ఆముదం.
ఇంకొంచెం తెరవండి.